గంప కింది అడుగు

వేసవి రాత్రుల్లో మా తాత నిద్రపోయేవాడు కాదు. ఊరంతా వాకిళ్ళలో, వీధరుగుల మీద మంచాలేసుకుని పడుకునే కాలం అది. తలుపులు తీసే ఉంటాయి, ఇత్తడి సామాను దొడ్లోనే ఉంటుంది. మాది ఊరి కాపలా చూసే తలారి ఇల్లు. నెల్లూరు జిల్లా ఆత్మకూరు నుంచి మర్రిపాడు పోయే దోవకు కాస్త లోపలగా ఉంటుంది మా ఊరు. తాత చేతికర్ర రాతిమీద తట్టుకుంటూ తిరిగితే ఆ చప్పుడు వింటూ జనం నిద్రపోయేవాళ్ళని, చప్పుడు ఆగితే మెలకువ వచ్చేదని నాయన చెప్పేవాడు.

నాయనకు పదేళ్ళ వయసులో ఒక రాత్రి ఆ చప్పుడు ఉండగానే దొంగతనం జరిగింది. ఒక రైతు దొడ్లో రెండు బిందెలు, ఒక గంగాళం, కూతురి పెళ్ళికని కొన్న తప్పేలాలు పోయాయి. తెల్లవారి తాత చేసిన మొదటి పని, వామిదొడ్డి పక్కన మెత్తటి దుమ్ములో పడిన ఒక అడుగుజాడ మీద గంప బోర్లించడం. చుట్టూ తుమ్మకంప వేయించాడు, కోళ్ళు, పిల్లలు తొక్కకుండా. తర్వాత ఈతపుల్లతో ఆ పాదం పొడవు కొలిచి, పుల్ల అక్కడికి విరిచి తలగుడ్డలో దోపుకున్నాడు. ఆ కొలతతో జాడ వెతుక్కుంటూ పొలిమేర దాకా పోయాడు. అవతలి ఊరి తలారిని పిలిపించి, ఇదో, ఇక్కడ మీ పొలంలో దిగింది, ఇక నీ వంతు అని పుల్ల చేతికిచ్చి వచ్చాడు.

సామాను దొరకలేదు. ఆ ఏడు కళ్ళంలో వచ్చిన మేర గింజల్లో సగం అమ్మి తాత ఆ రైతుకు ఒక బిందె కొనిచ్చాడు. చట్టం అడగలేదు, ఊళ్ళో ఎవరూ నోరు తెరిచి అడగలేదు. "మేర తిన్నాం గదా" అన్నాడంట, అంతే. నా చిన్నప్పుడు ఈ కథ విని తాత మంచితనమనుకున్నాను. ముప్పై ఏళ్ళకు పైగా ఇంటి బీమా, సామాను బీమా కాగితాలు రాసి, తీరిక దొరికినప్పుడల్లా పాత సంగతులు చదువుకున్నాక తెలిసింది, తాత చేసింది ఒక పాత చట్టం మిగిల్చిపోయిన ఆఖరి పని అని.

ఆ చట్టం చాలా పాతది. యాజ్ఞవల్క్య స్మృతిలో ఉంది: ఊళ్ళో సొత్తు పోతే, దొంగ జాడ ఊరు దాటిపోయినట్టు చూపించలేకపోతే, తప్పు ఊరి పెద్దది. బీడులో పోతే బీడు యజమానిది. దారిలో పోతే దొంగలను పట్టడానికి నియమించిన వాడిది. ఆ స్మృతికి విజ్ఞానేశ్వరుడు రాసిన మితాక్షరను తెలుగులోకి తెచ్చినవాడు కేతన. పదమూడో శతాబ్దంలో, నెల్లూరులో మనుమసిద్ధి కొలువులో ఉన్న తిక్కనకు తన దశకుమారచరిత్ర అంకితమిచ్చిన కేతనే. మన జిల్లా గాలి పీల్చిన కవి ధర్మశాస్త్రాన్ని తెలుగు పద్యాల్లో పెట్టాడని తెలిసిన రోజున నాకు సొంత చుట్టం దొరికినంత సంతోషమైంది. తాత గంప బోర్లించింది దొంగ కోసం మాత్రమే కాదు. ఆ జాడ పొలిమేర దాటిందని చూపించగలిగితేనే ఊరి నెత్తిన పూచీ తప్పుతుంది.

మేర అంటే హద్దు. మేర అంటే కళ్ళంలో రాశి కొలిచేటప్పుడు ఊరి పనివాళ్ళకు తీసిపెట్టే గింజల వాటా కూడా. ఒకే మాటకు ఈ రెండర్థాలూ ఎలా వచ్చాయో పండితులు చెప్పాలి. మా ఇంట్లో మాత్రం రెండూ ఒకటే. మేర గింజలు తిన్నవాడు మేర దాకా పోవాలి.

ఊరికి తలారి ఉన్నట్టే, కొన్ని ఊళ్ళ మీద, దారుల మీద, కనమల మీద పెద్ద కావలి ఉండేది. దేశకావలి అనేవాళ్ళు. నెల్లూరు సీమ పడమటి భాగంలో, దక్షిణాన వెంకటగిరి, కాళహస్తి పాళెగాళ్ళ దాకా, ఈ హక్కు పాళెగాళ్ళ చేతుల్లో ఉండేది. ఊరూరా కావలి రుసుం వసూలు చేసుకోవాలి, తమ హద్దులో దొంగతనమైతే దొంగనైనా పట్టివ్వాలి, పోయిన సొమ్ముకు ఖరీదైనా కట్టాలి. ఇది దక్షిణ దేశమంతటా ఉన్న కట్టుబాటే. మన జిల్లాలోని కావలి పట్టణానికి ఆ పేరు ఉదయగిరి రాజుల సైన్యం అక్కడ కాపలా ఉన్నందుకు వచ్చిందని చెబుతారు. రుసుం తీసుకునేవాడు, నష్టం కట్టేవాడు ఒక్కడే కావడం బీమా పని చేసినవాడి కంటికి వెంటనే కనబడుతుంది. ఇప్పటి మాటల్లో అది ప్రీమియం, క్లెయిము.

ఆ ఏర్పాటును నేను పొగడబోవడం లేదు. రుసుం కట్టని ఊరి మీద తన మనుషులనే దొంగతనానికి తోలిన కావలిగాళ్ళు ఉన్నారని ఈస్టిండియా కంపెనీ దొరలు రాసిన కాగితాల నిండా ఫిర్యాదులే. అందులో నిజం ఉంది. కానీ ఆ దొరలు ఆ ఏర్పాటును తీసేసినప్పుడు ఏ భాగం తీశారు, ఏ భాగం ఉంచారు అన్నది చూడాలి.

1801లో ఆర్కాటు నవాబు చేతిలోంచి నెల్లూరు సీమ కంపెనీ చేతికి వచ్చింది. 1802లో వెంకటగిరి, కాళహస్తి లాంటి పాళెగాళ్ళకు శాశ్వత సన్నదులిచ్చి, వాళ్ళ సైన్యాన్ని, కావలి పెత్తనాన్ని తీసుకున్నారు. పోలీసు పని దారోగాలకు అప్పజెప్పారు. ఊరి ముఖం తెలియని దారోగా దొంగ ముఖం ఎలా పడతాడు? పధ్నాలుగేళ్ళు చూసి, 1816లో పదకొండో రెగ్యులేషను తెచ్చి, ఊరి పెద్దకూ తలారికీ మళ్ళీ ఊరి పోలీసు పని ఇచ్చారు. 1859లో మద్రాసు పోలీసు చట్టం వచ్చింది. కాపలా తిరిగి వచ్చింది, లాఠీ వచ్చింది, స్టేషను వచ్చింది. పోయిన సొమ్ముకు కావలివాడు ఖరీదు కట్టాలన్న పూచీ మాత్రం మునుపటిలా తిరిగి రాలేదు. అప్పటినుంచి దొంగ దొరికితే సొమ్ము దొరుకుతుంది, లేకుంటే లేదు.

1812లో లండనులో పార్లమెంటు ముందు పెట్టిన ఐదో నివేదికలో మన తలారి ఉన్నాడు. నేరాల ఆచూకీ తీయడం, ఊరి నుంచి ఊరికి పోయే బాటసారులను కాపాడి దిగబెట్టడం తలారి పని అని, ఊళ్ళో పైర్ల కాపలా తోటి అనే మరో ఊరి పనివాడిదని వివరంగా రాశారు. ఆ పుట చదివినప్పుడు తాత కర్ర చప్పుడు వినబడింది నాకు. 1864లో ఊరి సెస్సు చట్టం వచ్చి, శిస్తు రూపాయికి అణా దాకా వసూలు చేసి ఊరి పనివాళ్ళకు జీతాలివ్వమంది. కాగితం ప్రకారం గింజల స్థానంలో డబ్బు వచ్చింది. ఊళ్ళో అయితే నేను ఎరిగిన రోజుల దాకా కళ్ళంలో అమ్మ చాట పడితే ఎవరూ కాదనలేదు.

కావలి కాసిన, తిరిగి బతికిన కొన్ని కులాలకు జరిగింది ఇంకా ఘోరం. యానాదులు ఈ జిల్లాలో తరతరాలుగా తోటలకు, చేలకు, ఇళ్ళకు కాపలా ఉన్నవాళ్ళు. ఎరుకలవాళ్ళు ఎద్దుల మీద ఉప్పు, ధాన్యం వేసుకుని కోస్తాకూ మెట్టకూ తిరిగి వ్యాపారం చేసినవాళ్ళు. రైళ్ళు వచ్చి, ఉప్పు మీద సర్కారు పెత్తనం వచ్చి ఆ బతుకు పోయింది. 1911 నాటి నేరస్త జాతుల చట్టం కింద ఎరుకలవాళ్ళను పుట్టుకతోనే దొంగలని రాసి, కావలి పట్టణంలోనే, అమెరికన్ బాప్టిస్టు మిషను నడిపిన సెటిల్‌మెంటులో పెట్టారు. హాజరు పలకాలి, అనుమతి లేకుండా ఊరు దాటకూడదు. 1947లో మద్రాసు రాష్ట్రం ఆ చట్టాన్ని తీసేసింది, 1952లో దేశమంతటా పోయింది. నేను పాలసీ రాయడానికి ఇళ్ళకు పోయినప్పుడు ఇప్పటికీ "మా వీధి పక్కన ఫలానా వాళ్ళున్నారు, అందుకే బీమా కావాలి" అనేవాళ్ళు తగులుతుంటారు. ఆ మాట అన్నచోట నేను ఫారం మూసేసి, మా తాత కథ చెప్పి, తర్వాతే తెరుస్తాను.

ఇక సామాను తన జాగ్రత్త తాను పడిన తీరు. మా మెట్ట సీమలో పెళ్ళికి ఇత్తడి కొన్నా, కంచు కొన్నా పేరు కొట్టించకుండా ఇంటికి తెచ్చేవాళ్ళు కాదు. తిరునాళ్ళలో, సంతలో పేర్లు కొట్టేవాడు చిన్న ఉలి, సుత్తి పెట్టుకుని కూర్చునేవాడు. బిందె ఒళ్ళో పెట్టుకుని చుక్కలు చుక్కలుగా అక్షరాలు కొట్టేవాడు. పుట్టింటివాళ్ళ పేరు, ఒక్కోసారి ఊరు, తేదీ కూడా. ప్రేమకని, గౌరవానికని అనుకుంటారు చాలామంది. అదీ ఉంది. కానీ స్టేషనులో పోగేసిన దొంగ సామాను ముందు నిలబడి "ఇది నాది" అన్నప్పుడు పనికొచ్చే సాక్ష్యం ఆ చుక్కలే. లండనులో 1666 నాటి మంటల తర్వాత పుట్టిన అగ్గి బీమా కంపెనీలు తాము బీమా చేసిన ఇళ్ళ గోడలకు లోహపు బిళ్ళలు కొట్టేవి. మన ఆడవాళ్ళు బిందెకే కొట్టించారు.

ఇందాక ఉదయగిరి పేరు చెప్పి కృష్ణదేవరాయలను తలవకుండా ఉండలేను. ఒకటిన్నర ఏళ్ళ ముట్టడి తర్వాత 1514లో ఆ దుర్గం ఆయన చేతికి వచ్చింది. అక్కడి బాలకృష్ణుడి విగ్రహాన్ని తీసుకుపోయి విజయనగరంలో గుడి కట్టించాడు. అంత ఎత్తు కొండ, అన్ని గోడలు, అంత సైన్యం ఉన్నచోటి సొత్తు కూడా పోయింది. చిన్నప్పుడు బడిలో ఆ పాఠం విన్నప్పుడు మా నాయన ముందు ఒక ప్రశ్న పెట్టాను: "అప్పుడు తలారి ఎవరు నాయనా?" ఆయన చాలాసేపు ఆలోచించి, "రాజు పోతే తలారి ఏం చేస్తాడబ్బయా" అన్నాడు.

నా సంగతికి వస్తే, 1979లో ఆత్మకూరులో ఒక గుడ్డల కొట్టులో గుమాస్తాగా చేరాను. అద్దెకు దొరికింది ఒక పెంకుటింటి వెనక వేసిన బోదకొట్టాలు నాలుగిట్లో ఒకటి. కొత్తగా పెళ్ళయింది. ఒక మంచం, ఒక ట్రంకుపెట్టె, అత్తగారు పెట్టిన ఇత్తడి, నా భార్య పుట్టింటి నుంచి తెచ్చుకున్న ఉషా కుట్టుమిషను. ఏప్రిల్ నెలలో మిట్టమధ్యాహ్నం పక్క కొట్టంలో పొయ్యి నిప్పు లేచింది. వడగాలి. మేం పరుగెత్తి వచ్చేలోపల నాలుగు కొట్టాలూ, పెంకుటింటి వెనక భాగమూ పోయాయి. మిషను ఇనుము మాత్రం మిగిలింది, చెక్క భాగమంతా బూడిద. ట్రంకులో ఉన్న నా పదో తరగతి సర్టిఫికెట్టు నల్లటి రేకులాగా ఉండి, ముట్టుకుంటే పొడి అయిపోయింది.

పది రోజులకు ఒక సర్వేయరు వచ్చాడు. ఇంటి యజమానికి ఇంటి మీద అగ్గి బీమా ఉంది. కాలిన దూలాలు లెక్కేసుకున్నాడు, పెంకులు లెక్కేసుకున్నాడు. నేను దగ్గరకు పోయి, మా సామాను కూడా రాసుకోండి సార్ అన్నాను. ఆయన కసురుకోలేదు. నన్ను పక్కన కూర్చోబెట్టుకుని చెప్పాడు: "ఇల్లు ఆయనది, బీమా ఆయనది. మీ సామాను మీది. ఈ కాగితంలో మీరు లేరు." అద్దె అంటే గోడల మధ్య చోటుకిచ్చే డబ్బు అని, ఆ గోడలకు కలిగే మేలు ఏదీ మనకు అంటదని అప్పుడర్థమైంది. మేమున్న నాలుగు కుటుంబాలకు దొరికింది మండువేసవిలో ఊరివాళ్ళు వండిపెట్టిన అన్నం, పాత చీరలు. ఆ అన్నం పెట్టిన చేతులను నేను మరిచిపోలేదు. కానీ కుట్టుమిషను అన్నంలాంటిది కాదు, ఎవరూ ఊరికే పెట్టలేరు. అది మళ్ళీ కొనుక్కోవడానికి మాకు ఆరేళ్ళు పట్టింది.

అప్పటికి 1973 జనవరి 1 నుంచి జనరల్ బీమా అంతా సర్కారుది అయిపోయి, నూరుకు పైగా కంపెనీలు నాలుగుగా కలిసి ఉన్నాయి. బీమా అంటే మా ఊళ్ళో ఎల్‌ఐసీ ఒక్కటే, అంటే చావు తర్వాత వచ్చే డబ్బు. వస్తువుకు బీమా ఉంటుందంటే లారీకో, రైసుమిల్లుకో అనుకునేవాళ్ళు.

1984లో కరణం, మునసబు ఉద్యోగాలు రద్దయ్యాయి. అంతకు చాలా ముందే, 1960లో, మన రాష్ట్రం నుంచి పోయిన గాజుల దశరథరామారావు కేసులో సుప్రీంకోర్టు, మునసబు పని తండ్రి నుంచి కొడుకుకు రావడం రాజ్యాంగానికి విరుద్ధమని చెప్పింది. 1984 నాటికే నాయనకు కళ్ళు మసకబారుతున్నాయి. బిళ్ళ ఉన్న బెల్టు విప్పి గోడకు తగిలించాడు. నన్ను ఆ పనిలోకి రమ్మనలేదు. రెండేళ్ళకు నేను బీమా ఏజెంటునయ్యానని చెబితే, ఆయన అడిగింది ఒకటే. "పోతే కడతారా?"

ఆ ప్రశ్నకు నేను నా జీవితమంతా జవాబు చెబుతూనే ఉన్నాను.

1988లో కేంద్ర ప్రభుత్వం పల్లెల్లో పేదల గుడిసెలకు అగ్గి బీమా పెట్టింది. ప్రీమియం సర్కారే కట్టింది. కాలిపోతే గుడిసెకు 1000 రూపాయలు, లోపలి సామానుకు 500. ఎంత చిన్న మొత్తమో నాకు తెలుసు. అయినా ఆ రెండో వరస చూసినప్పుడు చేయి వణికింది. గుడిసె వేరు, అందులోని చట్టి, చాప, బట్ట వేరు అని, వాటికీ ఒక విలువ ఉందని సర్కారు కాగితం ఒప్పుకుంది. ఎందరికి అందిందంటే, తెలిసినవాళ్ళకే అందింది. కాలిపోయిన వాళ్ళకు అట్లాంటిదొకటి ఉందని చెప్పేవాడే లేడు. ఉదయగిరి, వింజమూరు వైపు గుడిసెలు కాలాయని తెలిస్తే సైకిలు మీద పోయి అర్జీలు రాసిచ్చేవాణ్ణి.

2021 ఏప్రిల్ 1 నుంచి, హైదరాబాదులో ఉన్న బీమా నియంత్రణ సంస్థ అన్ని కంపెనీలూ ఒకే మాటలతో ఇవ్వాల్సిన ఇంటి పాలసీ తెచ్చింది, భారత్ గృహరక్ష అని. అద్దెకున్నవాళ్ళు ఇంటితో పని లేకుండా సామానుకు మాత్రమే తీసుకోవచ్చు. అగ్గి, తుఫాను, వరద, భూకంపం, పిడుగు అన్నీ అందులో ఉన్నాయి. సొంత ఇంటికి తీసుకున్నవాళ్ళకు, వేరే చెప్పకపోయినా, ఇంటి బీమా మొత్తంలో ఐదో వంతు, 10 లక్షలు మించకుండా, సామానుకు దానంతటదే ఉంటుంది. తక్కువ మొత్తానికి రాయించుకున్నారన్న సాకుతో కోత పెట్టకూడదు. ఇంత తేటగా రాసిన పాలసీ నా సర్వీసులో చూడలేదు. అయితే దొంగతనం సంగతి జాగ్రత్తగా చదవాలి. వరదో అగ్గో వచ్చి, దానివల్ల ఏడు రోజుల్లోపల జరిగిన దొంగతనానికే అది కడుతుంది. మామూలు దొంగతనానికి వేరే బర్గ్లరీ పాలసీ తీసుకోవాలి. నగదు, కాగితాలు, బండి ఇందులోకి రావు. నగలకు విడిగా అడగాలి.

బర్గ్లరీ పాలసీలో ఒక షరతు ఉంది. తాళమో, తలుపో, కిటికీ చువ్వో పగిలిన గుర్తు ఉండాలి. బలవంతం లేకుండా పోయిన సొమ్ముకు ఆ మాట ఉన్న పాలసీ కింద డబ్బు రాదని 2004లో సుప్రీంకోర్టు కూడా చెప్పింది. దానికి తోడు, దొంగ దొరకలేదని పోలీసులు రాసిచ్చే కాగితం కావాలి. జాడ చూపించు, ఇంత దాకా వెతికామని చూపించు. తాత ఈతపుల్ల విరిచి తలగుడ్డలో దోపుకున్నది ఇందుకే గదా.

ఆ గృహరక్ష పాలసీ వచ్చిన ఎనిమిదో నెలలోనే, 2021 నవంబరులో, పెన్న పొంగింది. పైన చెయ్యేరు మీద అన్నమయ్య ప్రాజెక్టు కట్ట 19వ తేదీన తెగింది. నీళ్ళు సోమశిలకు చేరాయి. సోమశిల గేట్లు ఎత్తారు. సంగం నుంచి నెల్లూరు దాకా ఏటిగట్టు ఊళ్ళన్నీ నీళ్ళలో ఉన్నాయి. నీళ్ళు తీశాక నాకు తెలిసిన ఒక జంట దగ్గరకు పోయాను. ఏటి పక్క ఊళ్ళో ఒక గది అద్దెకు తీసుకుని టైలరింగు చేసుకునేవాళ్ళు. గోడ మీద నా భుజం ఎత్తున బురద గీత ఉంది. రెండు మిషన్లు, ఓవర్‌లాకు మిషను, కుట్టడానికి ఇచ్చిన పెళ్ళి జాకెట్లు. అవి వేరేవాళ్ళవి, వాటికీ జవాబు చెప్పాలి. ఆ అమ్మాయి మిషను విప్పి కిరసనాయిలుతో తుడుస్తోంది. నన్ను చూసి కుర్చీ వేసింది, తడి కుర్చీ. "మామా, ఇట్టాంటిదానికి ఏమన్నా ఉంటాదా?" అని అడిగింది. ఉంది. ఏప్రిల్ నుంచీ ఉంది. ఇంటి సామానుకు ఒకటి, చేతిపని మిషన్లకు కావాలంటే మరొకటి. ఏప్రిల్ నుంచీ నేను ఆ వీధిలో నాలుగుసార్లు పోయాను, బండ్ల బీమాలు రెన్యువలు చేయడానికి. ఆ గుమ్మం ఎక్కి ఒక్క మాట చెప్పలేదు. అద్దెకుండేవాళ్ళు బీమా కడతారా అనుకున్నాను. 1979లో నన్ను చూసి అందరూ అనుకున్నదే నేనూ అనుకున్నాను. మేర తిని పొలిమేర దాకా పోకపోవడమే అది.

అప్పటినుంచి ఆత్మకూరులో అద్దెగదులకు నడిచిపోతున్నాను. సచివాలయం ఉద్యోగులు, నర్సులు, బడిపంతుళ్ళు, సోమశిల కాలువ పనుల మీద వచ్చిన మేస్త్రీలు. బీమా తీసుకున్నా తీసుకోకపోయినా ఒక పని మాత్రం చేయిస్తాను. నోటుపుస్తకంలో గది గదికీ సామాను జాబితా, కొన్న ఏడు, కొన్న ధర, బిల్లు ఉంటే దాని ఫోటో. అన్నిటికీ కలిపి ఒక వీడియో తీసి ఊళ్ళో ఉన్న అన్నకో అక్కకో పంపించి ఉంచమంటాను. గదిలోనే ఉన్న జాబితా గదితోపాటే కాలిపోతుంది.

మొన్న సీతారామపురం నుంచి వచ్చిన ఒక పిల్ల, ఆసుపత్రిలో కొత్తగా చేరింది, ఒంటరిగా ఒక గదిలో ఉంటోంది. ఫ్రిజ్జు, టీవీ, మంచం, గ్యాసు, ఉదయగిరి చెక్క గరిటెలు ఆరు, రాసుకుంటూ పోయాం. ఆఖరున మంచం కిందనుంచి ఒక ఇత్తడి బిందె లాగింది. నీళ్ళకు వాడట్లేదు, బియ్యం పోసుకుంది. "ఇది రాయాల్నా తాతా? దీనికేం ధర వస్తాది, అవ్వది" అంది.

బియ్యం చేటలోకి వంపించి బిందెను కిటికీ వెలుతురుకు తిప్పాను. మెడ కింద చుక్కలతో కొట్టిన పేరు సగం అరిగిపోయి ఉంది. ఊరి పేరు తెలుస్తోంది. తేదీలో 4-5 దాకా ఉంది, ఏడు కనబడలేదు. వేలితో తడుముతూ ఆ పిల్ల ఒక్కో అక్షరం చదివింది, నేను ఒక్కో అక్షరం రాశాను. ఇరవై మూడో వరస: పేరు కొట్టిన ఇత్తడి బిందె, ఒకటి.